ఉరికేటోళ్ల టోలీ

దొంగలా? గీళ్లా? అయ్యో జమేదార్ సాబ్, దొంగతనానికి సుత అకల్, తెలివి ఉండాలె. గీ పదకొండు మందిల ఒక్కనికన్న ఉందా? లాకప్పుల ఎట్ల కూసున్నరో సూడుండ్రి. ఒకని కాలు ఒకడు పిసుక్కుంట!

నేనా? పోశయ్యను. టాంగా పోశయ్యను. ఎరికైతలేదా? మీ పిల్లలను బడికి తోల్కపోయినోన్ని నేనే. గుర్రం సచ్చింది, దానెనుక ఇల్లు పోయింది. ఆర్నెల్ల సంది బోధన్ టేషన్ల, గూడ్స్ షెడ్డు కింద పంటున్న. గీళ్లు గూడ గాడనే పంటరు. ఒకడు ఈ మూల, ఒకడు ఆ మూల. గోనెసంచి కోసం కొట్టుకునుడే గని పక్కోని పేరడిగినోడు లేడు.

గప్పుడు దిగిండు వీరస్వామి. మిల్ట్రీల పనిజేసి వచ్చెటాల్లకు అన్నదమ్ములు ఇల్లమ్ముకున్నరు. సల్లగ పండరాదా? ఊకోడు. తెల్లారకముందే తన్ని లేపుడు. ‘సలికి వణుకుడెందుకు, లేసి ఉరుకుండ్రి’ అంటడు. కడుపుల గంజి లేదు, కాళ్లకు చెప్పుల్లెవ్వు, ఎడపల్లి దాక ఉరుకుడట, మల్ల మర్లి వచ్చుడట! ఎందుకురా అంటే ఒక్కనికి తెల్వది. ఇరవయ్యేండ్లు గుర్రాన్ని ఉరికిచ్చిన సాబ్. ఉలవలు పెట్టకుంటె అది అడుగు తియ్యదు. దానికున్న సోయి గీళ్లకు లేదు.

మీదికెల్లి ఖాయిదా ఒకటి. వెనుకవడ్డోని కోసం అందరు ఆగాలెనట. గా మూలకు గడ్డమోడు ఏసుదానం, వాని మోకాలు ఎప్పుడు వాసే ఉంటది. వాని తోటి ఉరుకుడంటే ఉరుకుడా గది? బారాత్ నడిసినట్టే! నడుమల నిలవడి పేర్లు పిలుసుడు. ఒక్కొక్కడు ‘ఉన్న’ అనాలె. ఉండక యాడికి పోతరు, ఇల్లున్నదా వాకిలున్నదా?

నెల తిరిగెటాల్లకు సూడాలె తమాషా. ఒక్క సంచి కింద ఇద్దరు పండుడు షురూ జేసిండ్రు. గా గోడకొరిగినోడు ఎర్రన్న, తాగుడు తగ్గిచ్చిండు, ఉరికేటప్పుడు కక్కొస్తదని! ఏసుదానానికి జరమొస్తే నలుగురు మోసుకొని దవాఖానకు ఉరికిండ్రు. ఇంతకుముందైతే వాడు సచ్చి వాసనొస్తె తెలుస్తుండె. పిచ్చి ముదిరితె గిట్లనే ఉంటది, ఏమంటరు?

గా పిచ్చిని జూసి మేస్త్రి బాపురావు మోసపోయిండు. చెరుకు నరికే మేస్త్రి ఒంటి మనిషిని తీసుకోడు గదా. టోలీ ఉండాలె. పన్నెండు మందికి ఒక్కడు తక్కువున్నా వద్దంటడు. గీళ్లు ఒక్క తీరుగ ఉరుకుడు జూసి ‘గిదేం టోలీరా’ అని ఆగిండు. సోమవారం ఎనిమిది కొట్టంగ బండ్ల అడ్డ కాడికి రమ్మన్నడు. నాలుగు నెలల పని, చేను కాడ గుడిసెలు. తడకల గుడిసెలే సాబ్, గని తలుపుంటది.

ఇయ్యాల్నే సోమవారం. మీ గడియారంల ఏడు దాటింది.

ఇయ్యాలన్న ఉరకకుండ ఉండొద్దా? ఉరికిండ్రు! ఎడపల్లి ఎల్లవ్వనే ఆమె చేనుకు వోతు, మసక సీకట్ల గీ గుంపును జూసి ‘చెరుకు దొంగలో’ అని మొత్తుకున్నది. ఊరంత కట్టెలు వట్టుకొని ఎంబడవడ్డది. సెప్పుండ్రి, దొంగలైతె ఏం జేస్తరు? చెరుకుల సొచ్చి పరారైతరు. మనిషిని మించిన చెరుకు, ఎవ్వడు దొరుకుతడు? గీళ్లేం జేసిండ్రు? ఏసుదానం బొర్లవడ్డడు. ఆగిండ్రు! ఖాయిదా గదా! వాని సుట్టు నిలవడి పేర్లు పిలుసుకున్నరు సాబ్, నెత్తి మీద కట్టెలు వడుతుంటె. గసుంటి దొంగలను మీ నౌకరిల ఎన్నడన్న జూసిండ్రా?

ఒక్కడే తెలివిగల్లోడు. చెరుకుల సొచ్చి కూసున్నడు. వాని పేరు మూడుసార్లు పిలిసిండ్రు. వాడు నోరు మూసుకున్నడు.

ఏంది సాబ్, గట్ల సూస్తున్నరు? నా మొకం మీది గీతలా?

ఆ. చెరుకాకు కోసింది.

రాసుకోండ్రి. టాంగా పోశయ్య, పన్నెండోడు. ఎందుకురికిన్నో నన్నడగకుండ్రి. గుర్రం సచ్చినంక నన్ను పేరువెట్టి పిలిసినోడు లేడు, గందుకే అనుకోండ్రి. ఛీ, గింత బతుకు బతికి గీ పిచ్చోళ్ల ముంగట సిగ్గు తీసుకున్న.

ఇడిసిపెడితె పన్నెండు మందిని ఇడువుండ్రి. లేకుంటె నన్ను గూడ లోపలెయ్యుండ్రి. జల్ది సాబ్, టైమైతుంది.

ఇనవడుతుందా? గా వీరస్వామి మల్ల షురూ జేసిండు, లాకప్పుల సుత పేర్లు పిలుసుడే! నా పేరు గూడ పిలుస్తుండు, దొంగ ముండకొడుకు.

ఉన్న! ఉన్న గదరా, మొత్తుకోకు.