బిష్కేక్ దాకా ఒక్క కేక

మా ఓష్ ఊరి బజారులో నా చాయ్ దుకాణానికి నీళ్ళు మరిగే సమోవార్ ఎంతో, సాపర్‌బాయ్ అన్న కోసే కోతలూ అంతే. అవి లేకపోతే జనం కూర్చోరు. నిన్న పొద్దున కూడా చాయ్ గిన్నె చేతికి రాగానే మొదలుపెట్టాడు.

"ఇక్కణ్ణుంచి రాజధాని బిష్కేక్‌కి విమానం ఎంత దూరం ఎగరాలో లెక్క తేల్చిందెవరనుకున్నారు? నేనే! పెద్ద పనేం కాదులే. అప్పట్లో విమానాశ్రయంలో సామాన్లు మోసేవాణ్ణి. పైలట్ పటం పరిచి, 'సాపర్‌బాయ్, స్కేలు కదలకుండా పట్టుకో' అన్నాడు. పట్టుకున్నా. మూడొందల కిలోమీటర్లని తేలింది."

"ఇంతేనా?" అన్నాడు పక్క కొట్టు మామిర్, రొట్టె తుంచుతూ.

"ఇంతే అయితే నీకెందుకు చెప్తాన్రా? కాయితం మీద కొండలు లేవాయె. ఆ లెక్క నమ్మాలా వద్దా అని పైలట్ తల పట్టుకున్నాడు. అప్పుడు నేనన్నా, మన తాతలు దూరాన్ని కేకల్లో కొలిచారు, కేక వినపడినంత మేర ఒక కొలత, మనమూ అట్లాగే చూద్దామని. రన్‌వే చివర నిలబడి ఒక్క కేక పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గొంతు పోయిందా?"

"నీ మొహం! కేక కొండెక్కింది! కనుమలో మంచు జారిపడింది, గుర్రాలు మేత మానేశాయి. మేం విమానంలో దాని వెంటపడి దాటేశాం కూడా. బిష్కేక్‌లో దిగి చాయ్ తాగుతుంటే అప్పుడొచ్చింది పాపం, చలికి బొంగురుపోయి! 'ఇది ఓష్ సాపర్‌బాయ్ గొంతేగా' అని అందరూ లేచి నిలబడ్డారు. అక్కడైనా ఆగిందా? కజక్ సరిహద్దుకి పోతే కాపలావాళ్ళు దాన్ని పట్టుకుని కాగితాలు చూపించమన్నారు!"

మామిర్‌కి రొట్టె గొంతులో అడ్డం పడింది. నాకూ నవ్వాగలేదు. కానీ ఈ కోతలు ఊరికే రావట్లేదు. ఎందుకో నాకు తెలుసు, అడిగేశాను.

"అన్నా, వారం నుంచీ నీ నోట బిష్కేక్ తప్ప వేరే ఊరు రావట్లేదు. ఎల్లుండి నీ మనవడికి కాళ్ళ తాడు కోసే పండగ. పరుగుపందెంలో గెలిచినవాళ్ళు బిడ్డ కాళ్ళకి కట్టిన ఆ తాడు కోస్తే, వాడు తొలి అడుగులు వేస్తాడు. నీ కూతురు బురుల్ బిష్కేక్ నుంచి నాకు ఫోన్ చేసి మరీ నాన్నని పంపమంది. నీకు చెప్పకుండా పెళ్ళి చేసుకుందని మూడేళ్ళుగా కూతురితో మాటల్లేవు. కొండలు దాటే గొంతున్నవాడివి, ఆ పిల్లని ఒక్కసారి పిలవలేవా?"

"నీకెందుకే, జుమాగుల్!" అని కసిరాడు. గిన్నెలోకే చూస్తూ, "ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?" అన్నాడు.

నేను బురుల్ నంబరు నొక్కి ఫోన్ ఆయన చెవికి ఆనించాను. కోతలరాయుడు రెండు చేతులతో ఫోన్ పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా? నువ్వేనా?" అని ఫోన్లో బురుల్ అడిగింది. "ఏం మాట్లాడకపోయినా ఫర్వాలేదు. పెట్టెయ్యకు."

"ఎల్లుండి... ఎన్నింటికమ్మా?" అన్నాడు, పక్కనున్న మామిర్‌కి కూడా వినపడనంత మెల్లగా.

బురుల్‌కి వినపడింది.