దిగని రంగు

నా పేరు చిట్టూరి సుప్రజ. తండ్రి హరిబాబు. వయసు పంతొమ్మిది. మాది రామచంద్రపురం. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఖాళీ వేళల్లో గణేష్‌బాబు గారి గుడ్డసంచీల దుకాణంలో, సంచీలకు కట్టే చీటీల మీద మాటలు రాస్తాను.

పల్లాల వీరమ్మ నాకు తెలుసు. మారేడుమిల్లి పైన కొండరెడ్ల ఊరు ఆమెది. కాలేజీ క్యాంపుకు ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆమె గోడ మీద బొమ్మలు చూసి వచ్చి గణేష్‌బాబు గారికి చెప్పాను. వేసవిలో ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆమె వాకిట్లో నేల మీదే కూర్చున్నారు. బొమ్మకు డబ్బు ఇస్తానని, సంచీ మీద ఆమె పేరు వేయిస్తానని చెప్పారు. రెండూ చేశారు.

ఆయనకు నచ్చినది వీరమ్మ కూతురి బొమ్మ. ఆ పిల్ల చలికాలంలో జ్వరంతో పోయింది. బొమ్మలో ఆ పిల్లకు జడలో దువ్వెన, కాళ్ళ దగ్గర కోడిపెట్ట ఉంటాయి. వాళ్ళ ఇంటి ఆనవాయితీ ప్రకారం పోయినవారి బొమ్మను మట్టిరంగుతో బయటి గోడకు వేస్తారు. వానలకు అది కరిగిపోవాలి.

"కరిగితేనే పిల్ల వెళ్ళుద్దమ్మా. లేపోతే ఇక్కడిక్కడే తిరుగుద్ది" అంది వీరమ్మ. మళ్ళీ తనే, "రాజమండ్రి చూస్తానని ఏడ్చేది. నీళ్ళకి పోయే రంగైతే వేసుకోండి. చూసి వెళ్ళుద్ది" అంది.

"ఉతికితే పోయే రంగే వేస్తానండి" అని గణేష్‌బాబు గారు నా ఎదుటే మాట ఇచ్చారు.

2004 జులై 11, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు వీరమ్మ దుకాణానికి వచ్చింది. వేలాడుతున్న సంచీ మీద చెంబులో నీళ్ళు పోసి వేలితో రుద్దింది. రంగు దిగలేదు.

"రంగు దిగితే కొన్నవాళ్ళు నా మొహాన కొట్టరూ? మంచి రంగు వేయించాను. నీ పేరు కూడా వేయించాను కదమ్మా. ఇంతకంటే గౌరవం ఎవరు చేస్తారు?" అన్నారు గణేష్‌బాబు గారు. ఆయన కోపంగా అనలేదు. ఫోను మోగితే లోపలికి వెళ్ళారు.

వీరమ్మ బల్ల మీది సంచీలన్నీ దొంగిలించి, కొంగులో మూటగట్టుకుని కోటిలింగాల రేవుకు వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. మెట్ల మీద సబ్బు పెట్టి బాదింది. నేనూ బాదాను. నురగ తెల్లగానే వచ్చింది. రంగు దిగలేదు.

"అమ్మేసినవి ఎక్కడున్నాయమ్మా?" అని అడిగింది.

"విజయవాడ, హైదరాబాదు" అన్నాను.

"అక్కడ వానలు పడతాయా?"

"పడతాయండి" అన్నాను.

అప్పుడు గణేష్‌బాబు గారు కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వచ్చారు.

ఆ సంచీలు ఇప్పుడు ఈ పోలీసు స్టేషన్ కిటికీ ఊచలకు ఆరేసి ఉన్నాయి. కోడిపెట్ట కూడా చెదరలేదు. వీరమ్మ వాటి కింద కూర్చుని ఉంది.

ఎస్.ఐ. గారు ఇదంతా రాసి నాకు చదివి వినిపించారు. "దొంగిలించి" అన్నచోట "ఉతకడానికి తీసుకెళ్ళి" అని రాయమని అడిగాను. కుదరదన్నారు. ఆ ఒక్క మాట తప్ప తక్కినదంతా నేను చెప్పినదే, నిజమే.

(సంతకం) చి. సుప్రజ