కల్లంలో అరిచిన నోరు

పట్టా కప్పలేదని, వానకి మిరపకాయలు తడిసిపోయాయని మొగుడు కల్లంలో కూలీల ముందే తన మీద అరిచేసరికి, రెబ్కా వేటపాలెంలో పుట్టింటికి వచ్చేసింది. వారం తిరక్కుండా అతనొచ్చి వరండాలో కూర్చున్నాడు. బళ్ళో ఇంగ్లీషు చెప్పే రెబ్కా గడప లోపలే నిలబడింది.

"రేపు మన కాయలు కొనడానికి పైదేశం వాళ్ళొస్తున్నారు. రెండు ఇంగ్లీషు ముక్కలు నేర్పు."

"అందుకా వచ్చింది?"

"అందుకే."

"గ్లాడ్ టు మీట్ యూ అనండి. మిమ్మల్ని కలిసినందుకు సంతోషం అని."

"మొహం చూస్తే తెలీదా? నోటితో చెప్పాలా?"

"వాళ్ళు చెప్తారు. హ్యాపీ టు హెల్ప్, రెడీ టు గో. ముందు మనసులో ఉన్నది చెప్పి, తర్వాత పని చెప్తారు."

అతను భుజం మీది తువ్వాలు తీసి మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"తప్పు చేసినోడు ఏమంటాడు?"

"సారీ ఫర్ అని, చేసిన పని చెప్తాడు."

"అరవడాన్ని ఏమంటారు?"



"షౌటింగ్."

"సారీ ఫర్ షౌటింగ్, రెబ్కా."

"కల్లంలో అందరూ వింటుండగా తెలుగులోనే అరిచారుగా. ఇదీ తెలుగులోనే చెప్పండి."

"లోపల అత్తయ్య వింటుంది."

వంటింట్లోంచి ముసలామె కేకేసింది.

"ఆ ఇంగ్లీషు నాకేం తెలుస్తుందిలే బాబూ! దాని సంచి సర్దేశాను. చేపల పులుసు దించుతున్నా, ఇద్దరూ తిని బయల్దేరండి."