ఇల్లు ఒకరికి, పడుగు జాగా ఒకరికి

"అవ్వా, ఈ పెనుకొండ ఇంటిని ఒకరికి, పక్కన ఖాళీ జాగాను ఇంకొకరికి అమ్ముదామంటాండాడు నాయన. విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తాదంట. నువ్వేమంటావు?"

ఏమంటానా? ఆ మాట నేను ముందే ఒకసారి విన్న్యాలే పాపా. మీ తాత నోట్లో. అదే మాట, అదే మీసం దువ్వుకునేది. మీ నాయనకు మీసం లేదు కాబట్టి గడ్డం గోక్కుంటాడు, అంతే తేడా. కూర్చో, ఇట్ల ఎండలోకి వద్దు, ఈడ కూర్చో.

అప్పుడు మేము ధర్మవరంలో ఉండేది. నయాపైసలు వచ్చిన కొత్త. కాదు కాదు, కొత్తేం కాదు, అప్పటికి మీ నాయన మూడో తరగతి. వారానికొక పలక పగలగొట్టుకొని వస్తాండె, ఇప్పుడు అడుగు, నేను కాదంటాడు. మీ తాతది గుంత మగ్గం. పొద్దున ఆ గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే సందకాడ లేచేది. పట్టుచీరలు నేస్తాండె. చేయి బంగారం. నోరే కొంచెం పొడుగు. కూర్చోని కూర్చోని మోకాళ్ళు పట్టుకునె. ఇంక గుంతలో దిగొద్దప్పా అని డాక్టరు చెప్పె. పెనుకొండలో చీరలంగడి పెట్టుకోండి, నేను తోడుంటానని మా అన్న పిలిచె. సరే, ఆ ఇల్లు అమ్మితే కదా ఈడ ఇల్లు కొనేది!

ఇల్లు చిన్నదే. దాని పక్కన ఖాళీ జాగా, సన్నగా, పొడుగ్గా. పడుగు జాగా అంటాంటిమి. పడుగంటే తెలుసు కదా, చీరకు నిలువు పోగులు. మగ్గం ఎక్కించే ముందర నేలలో నాటిన ఈ గూటం నుంచి ఆ గూటం దాకా సాపల్ల, తెగిన పోగులు అతకల్ల. ఇండ్లల్లో అంత పొడుగు యాడుంటాది? అందుకని వీధి వీధంతా మా జాగాకే వస్తాండె, ఎండెక్కక ముందే. బాడుగా లేదు, ఏం లేదు. ఎవరి పడుగైనా అందరూ ఒక చెయ్యి వేయల్ల, అంతే. నేను కూడా పొయ్యి మీద సంగటి పెట్టి పోయి పోగులు అతుకుతాంటి. ఒకసారి సంగటి మాడి... సరే, అది వద్దులే, మీ తాత సచ్చేదాకా దెప్పినాడు దానికి.

ఆ జాగాలోనే రోడ్డు పక్కకు ఒక గది. దాంట్లో మా వదిన తిమ్మక్క ఉండె. మీ తాతకు అక్క. మొగుడు చిన్న వయసులోనే పోయె పాపం. వీధిలో వాళ్ళకు పట్టుపోగులు కండెలకు చుట్టిచ్చి తన బువ్వ తాను తింటాండె. మాట్లాడేది తక్కువ. నేను పది మాటలంటే ఆయమ్మ ఒకటి అంటాది. నాకు అత్త లేదు కదా, పెండ్లయి వచ్చినప్పుడు తలకు నూనె పెట్టి దువ్వింది ఆయమ్మే. పెనుకొండకు మా వెంబడి రా వదినా అంటే, "ఆడ నా చేతికి పనేముంటాదే?" అనె. అంతే, మళ్ళా కండె తిప్పుకునె. నాకున్న దిగులంతా ఆ గదిదే. ఇల్లు ఎవరు కొన్యా పరవాలేదు, ఆయమ్మ తలకాయ మీద ఆ కప్పు ఉండల్ల.

మీ తాతకు దిగులెందుకు, ఆయప్ప తెలివి ఆయప్పకుండె. ఇంటినేమో ఓబులేసుకు అమ్మేదంట. ఓబులేసు మా వీధిలోనే బాడుగింట్లో మగ్గం పెట్టుకున్న్యాడు. జాగానేమో రైల్వేలో పనిచేసే ఒకాయప్పకు అమ్మేదంట. ధర్మవరం జంక్షన్ కదా, రైల్వే వాళ్ళు అప్పుడు యాడ జాగా దొరికితే ఆడ మిద్దెలు కడతాండ్రి. అక్క గదిని ముట్టుకునేది లేదు, అది వదిలి మిగిలింది అమ్ముతానని చెప్పె. ఎంతుంటాదప్పా అని రైల్వే ఆయప్ప అడిగితే, "గది పోనూ నలభై మూరలు" అని టక్కున అనె. కొలిచినావా అంటే, "రోజూ పడుగు సాపేవాణ్ణి, నాకు కొలతలు చెప్తావా? గూటానికీ గూటానికీ నలభై మూరలు" అనె. పాపం ఆయప్ప నమ్మి, కాగితం మీద వరండా, నడిమిల్లు, వంటిల్లు గీసుకొని వచ్చె. పూజకు కూడా ఒక మూల పెట్టినాడు!

టేపు పట్టి కొలిచిరి. నలభై మూరలు సరిగ్గా వచ్చె. మీ తాత మీసం దువ్వుకునె. అప్పుడు వెనకింటి రంగప్ప యాప్పుల్ల నోట్లో పెట్టుకొని బయటికొచ్చె. "ఏమప్పా, నా జాగా కూడా కలిపి అమ్ముతాండావా?" అనె. సూస్తే ఏముందే! ఆ చివరి గూటం రంగప్ప జాగాలో ఉండాది. మధ్యలో గోడ లేదు, కంచె లేదు, ఎవరు చూసినారు? రోజూ సాపి సాపి, పడుగు యాడిదాకా పోతే ఆడిదాకా మాదేననుకునె ఈయప్ప. నేను నవ్వాపుకోలేక ఇంట్లోకి పోతి.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. రైల్వే ఆయప్ప కాగితం మడిచి, "ఏం పరవాలేదప్పా, ఆ ముందర గది పడగొట్టిస్తే నాకు సరిపోతాది" అనె. మా వదిన గడపలోనే కూర్చోనుంది. వినింది. మీ తాత మీసం మీద నుంచి చెయ్యి దించె. దానికి తోడు సందకాడ ఓబులేసు వచ్చి, "పడుగు జాగా లేని ఇల్లు నాకేంటికన్నా? సాపుకునేది నెత్తి మీదనా?" అని చెప్పి పాయె. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ మీ తాత.

నేను వదిన కాడికి పోయి, "ఆ గూటం సంగతి నీకు ముందే తెలుసా?" అంటి. "మా నాయన ఆ గూటం నాటినప్పుడు పట్టుకున్నింది నేనే. రంగప్ప వాళ్ళ నాయన్ను అడిగే నాటినాడు" అనె. మరి ఏంటికి చెప్పల్యా వదినా అంటే, తల కూడా ఎత్తలేదు. "నన్ను ఎవరు అడిగినారే?" అనె.

నిజమే కదా. అన్నను అడిగినాం, ఓబులేసును అడిగినాం, మాకేమీ కాని రైల్వే ఆయప్పను అడిగినాం. గదిని ముట్టుకునేది లేదని మేమే గొప్పగా చెప్పుకుంటిమి కానీ, ఆ గదిలో ఉన్న మనిషిని అడగల్యా. దిగులుపడిన నేను కూడా అడగల్యా.

పోయి మీ తాతకు చెప్తి. మరుసనాడు ఆయప్ప మోకాళ్ళు పట్టుకొని పోయి అక్క గడప కాడ కూర్చునె. "ఎట్ల అమ్మమంటావక్కా?" అనె. ఎంత చిన్న గొంతో! ఆయమ్మ కండె ఆపి చెప్పె. "రెండూ కలిపి ఓబులేసుకే ఇయ్యి. వీధికి జాగా ఉండల్ల, నాకు గది ఉండల్ల. తక్కువొస్తే తక్కువొచ్చె." అట్లే ఇస్తిమి. తక్కువే వచ్చె మరి. అందుకే ఈ కారే ఇల్లు కొంటిమి. వానొస్తే మీ తాత గిన్నెలు సర్దుతాండె, నేను కూర్చోని "ఈడెన్ని మూరలు నీళ్ళప్పా?" అంటాంటి.

మా వదిన పోయేదాకా ఆ గదిలోనే ఉండె. ఓబులేసు పెండ్లాము రోజూ వేడినీళ్ళు కాచి పోసిందంట, కన్నకూతురు కూడా అంత చేయదు. ఆయమ్మ పోయిన పొద్దు ఆ వీధిలో ఒక్కరు కూడా పడుగు సాపలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ... సరేలే.

ఇంగ మీ నాయన సంగతి. మొన్న టేపు పట్టుకొని ఇల్లంతా కొలిచినాడు. నా మంచం కాడికొచ్చి, "అమ్మా, కొంచెం జరుగు" అనె. జరిగితి. కొలుచుకొని పాయె. నీకు యాడుండాలని ఉందమ్మా అని మాత్రం నోట్లోనుంచి రాలేదు. చెడ్డోడు కాదులే నా కొడుకు, వాళ్ళ నాయన మాదిరే, కొలతలంటే పిచ్చి. నువ్వన్నా వచ్చి అడిగితివి, నూరేండ్లు సల్లగుండు తల్లీ. కలిపి అమ్మల్లనో విడిగా అమ్మల్లనో నేను చెప్తాలే, చెప్పకేం. ముందు వాణ్ణి వచ్చి ఈ మంచం మీద నా పక్కన ఒక గడియ కూర్చోమను.