వెనక సీటు బరువు

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. మే నెల మొదటివారం, ఉదయం పదిగంటలు. లైల్ టోమ్‌చాక్ మోటారుసైకిళ్ళ షాపు. బల్లకు అటువైపు లైల్, ఇటువైపు హెల్మెట్ చంకలో పెట్టుకుని డెబ్బై నాలుగేళ్ళ నార్బర్ట్ కీస్లింగ్. గుమ్మం బయట ఆయన మూడుచక్రాల బండి.

"గుంతలో పడ్డం కాదు అబ్బాయ్ బాధ. పడ్డాక లేవడం. కింద నుంచి ఎవరో కాలెత్తి తన్నినట్టుంటుంది. ఒక పెద్ద తన్ను. ఆ తర్వాత రెండు చిన్న తన్నులు, మర్యాదకి."

"ముందు సీట్లోనా, వెనకనా, పెద్దాయనా?"

"వెనక."

"ముందు బానే ఉందా?"

"ముందు సంగతి నన్నడక్కు. వెనక సంగతి అడుగు."

"అంటే అర్లిస్ అమ్మకి ఇబ్బందిగా ఉందన్నమాట."

"వెనక కూర్చున్నవాళ్ళకి ఇబ్బందిగా ఉంది."

"అదే అంటున్నా. వెనక కూర్చునేది ఆవిడేగా."

"దాణా మిల్లు దగ్గర రైలు పట్టాలున్నాయి చూడు. అక్కడ మనిషి సీటు మీంచి జానెడు లేస్తాడు. మనిషి కిందికి దిగే టైముకి సీటు పైకొస్తుంది. దారిలో ఇద్దరూ గుద్దుకుంటారు."

"లేస్తాడా?"

"లేస్తాడో, లేస్తుందో. మాటవరసకన్నా."

"ఆవిడ ఇంత వివరంగా చెప్పిందా నీకు?"

"నలభయ్యొక్కేళ్ళ కాపురం. చెప్పకపోయినా తెలుస్తుంది."

"మా ఆవిడకి నడుం నొప్పొస్తే, నొప్పి అన్న ముక్క తప్ప నాకింకేం తెలీదు. నువ్వు గొప్పవాడివి పెద్దాయనా."

"పొగడ్తలెందుకు గానీ, షాకబ్జర్లు చూపించు. జూన్ ఆఖర్లో ఆ సముద్రమంత సరస్సు చుట్టూ పోవాలి. నాలుగు రోజులు. పదమూడు వందల మైళ్ళు. పాతవాటితో పోతే తిరిగొచ్చేసరికి మనిషి పొడుగు రెండంగుళాలు తగ్గుతుంది."

"పాతవి ఇప్పుడే చూసొచ్చా. నూనె కారట్లేదు గానీ వాటి పని అయిపోయింది. వెనకభాగం చేత్తో నొక్కి వదిలితే మూడుసార్లు ఊగింది. ఒక్కసారి ఊగి ఆగాలి."

"నేను చెప్పలా? ఒక పెద్ద తన్ను, రెండు చిన్నవి."

"లెక్క సరిపోయింది. ఇప్పుడు చూడు, మూడు రకాలున్నాయి. ఒకటి, బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాటి లాంటివే. చవక. రెండేళ్ళకి మళ్ళీ ఇదే బల్ల దగ్గర నిలబడి నన్ను తిడతావు."

"వద్దు. తిట్టే ఓపిక తగ్గింది."

"రెండు, గాలివి. గాలి ఎక్కిస్తే గట్టిపడతాయి, తీస్తే మెత్తబడతాయి. మెత్తగా పోతుంది బండి, కాదన్ను. కానీ మన చలికి రబ్బరు బిగుసుకుపోయి గాలి కారుతుంది. సరస్సు అవతల ఎక్కడో కారిందనుకో, గాలి కొట్టుకునే పంపు నీ దగ్గరుండాలి."

"మా బళ్ళ గుంపులో హార్వీ వేయించింది అవే. ప్రతి ఆదివారం చర్చి బయట వంగుని గాలి కొడుతుంటాడు. ప్రార్థన అనుకున్నారు జనం, మొదట్లో. మూడోది చెప్పు."

"మూడోది మనిషిని బట్టి చేయించేది. ఎవరు కూర్చుంటారు, ఎంత బరువు, సామాను ఎంత. అన్నీ రాసి పంపితే దానికి తగ్గ స్ప్రింగు చుట్టి పంపుతారు. స్ప్రింగు పైకి లేచే వేగం వేరేగా మార్చుకోవచ్చు. ఆ తన్నులన్నీ పోతాయి."

"అన్నీనా?"

"పెద్దది పోతుంది. చిన్నవి గుర్తుకు కూడా రావు."

"అదే చేయించు."

"చేయిస్తా. మూడు వారాలు పడుతుంది. ఒకసారి చుట్టాక వెనక్కి తీసుకోరు. దర్జీవాడు కుట్టిన చొక్కా లాంటిది. అందుకని కొలతలు సరిగ్గా చెప్పు. ఏదీ, నీ బరువు?"

"నా బరువా?"

"ముందు సీటు బరువు. కాయితంలో అలా ఉంది."

"అలా అడుగు మరి. ముందు సీటు నూటయాభై."

"నూటయాభై ఏంటి?"

"పౌన్లు."

"పెద్దాయనా, నీ ఎడంకాలు ఒక్కటే నూటయాభై ఉంటుంది."

"చలికాలంలో తగ్గా."

"చలికాలంలో ఈ రాష్ట్రంలో తగ్గినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

"తిండి తగ్గించా."

"మొన్న శుక్రవారం చేపల విందులో నా పక్క బల్లే మీది. రెండోసారి పళ్ళెం నింపుకుంటున్నావు."

"చేప ఒళ్ళు చెయ్యదు."

"పిండిలో ముంచి నూనెలో వేయిస్తే చేస్తుంది."

"నువ్వు షాకబ్జర్లు అమ్ముతావా, వైద్యం చేస్తావా? రాసుకో. నూటయాభై."

"రాశా. నవ్వకుండా రాశా, అది గుర్తుపెట్టుకో. వెనక సీటు?"

"రెండువందల ముప్ఫై. ఏంటా చప్పుడు?"

"కలం కిందపడింది."

"తీసి రాసుకో."

"అర్లిస్ అమ్మ రెండువందల ముప్ఫయ్యా?"

"నేను పేర్లు చెప్పలేదు. వెనక సీటు అన్నావు, వెనక సీటు చెప్పా."

"గట్టిగా గాలేస్తే పట్టుకోవాల్సిన మనిషి ఆవిడ!"

"కోటుతో కలిపి."

"ఆ కోటు ఇనపదా?"

"సామాను ఉంటుంది కదా."

"సామానుకి వేరే గడుంది. పెద్దాయనా, ఇది నవ్వులాట కాదు. ఈ బండిలో వెనక సీటు సరిగ్గా ఇరుసు మీదుంటుంది. ముందువాళ్ళ బరువు కొంత ముందు చక్రానికి పోతుంది. వెనకవాళ్ళ బరువు దాదాపు అంతా ఈ రెండు స్ప్రింగుల మీదే. రెండువందల ముప్ఫైకి చుట్టించి, దాని మీద ఆ బక్కమనిషిని కూర్చోబెట్టావనుకో, రాయిలా ఉంటుంది. రైలు పట్టాల దగ్గర జానెడు కాదు, మూరెడు లేస్తుంది ఆవిడ. ఈ వయసులో వెన్నుపూస జారితే ఎవరు జవాబు చెప్పాలి? నువ్వా, నేనా?"

"చెప్పిన అంకె సరైందే. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టా, నూటయాభై పౌన్ల నీ మీదా?"

"మీ నాన్నా నేనూ కాయితం మిల్లులో ఇరవయ్యేళ్ళు ఒకే షిఫ్టు చేశాం. నా మాట మీద ఆయనెప్పుడూ అడ్డుప్రశ్న వెయ్యలా."

"మా నాన్న షాకబ్జర్లు అమ్మలేదు. సరే, నీ మాటే రాస్తా, బాధ్యత నాదని నువ్వు కింద సంతకం పెట్టు."

"ఇటివ్వు. ఇదిగో, పెట్టా."

"అది బల్ల మీద పెట్టావు పెద్దాయనా. కాయితం ఇటుంది."

"కలం జారింది."

"నీకిచ్చిన కాఫీ చల్లారిపోతోంది."

"వేడిగా ఉందని ఆగా."

"ఎక్కడుందది?"

"నీ షాపులోనే ఉంది."

"నీ కుడిచేతి పక్కన పెట్టా, పావుగంటయింది. నువ్వటు చూళ్ళేదు. ఇందాక లోపలికొస్తూ కుడివేపు తలుపుకి భుజం కొట్టుకున్నావు. పెద్దాయనా, నీ కుడికన్ను కనబడుతోందా?"

"కాఫీ తాగడానికి కన్నెందుకు?"

"బండి తోలడానికి కావాలి. చూడు, నీకు కోపమొచ్చినా సరే, ఈ ఆర్డరు నేను పంపను. చూపు లేని మనిషి బండికి మెత్తటి షాకబ్జర్లు వేసి, వెళ్ళిరా అని చెయ్యూపలేను. ఇంకో షాపు చూసుకో."

"ఏంటి లైల్, గొంతు పెంచావు? పక్కన రొట్టెల షాపులో ఉన్న నాక్కూడా వినబడుతోంది."

"రండి అర్లిస్ అమ్మా. సమయానికొచ్చారు. ఒక్క ప్రశ్న. మీ బరువెంత?"

"మీ అమ్మ నీకు మర్యాద నేర్పలేదా?"

"నేర్పింది. తప్పక అడుగుతున్నా. వెనక సీటు బరువు రెండువందల ముప్ఫై అంటున్నాడు మీ ఆయన."

"ఎవరూ, నార్బా?"

"ఆయనే. ముందుది నూటయాభై అట."

"ఓహో. అలా రాయించావా నార్బ్?"

"అర్లీ, అంటే, వాడు అడిగిన గడిలో…"

"సరే. నార్బ్ చెప్పాడంటే అంతే, లైల్. రెండువందల ముప్ఫై."

"అమ్మా!"

"ఎముకలు బరువు. మా పుట్టింట్లో అందరివీ అంతే."

"మీ అన్నయ్య నాకు తెలుసు. చీపురుపుల్లలా ఉంటాడు."

"వాడు మా నాన్న పోలిక."

"ఇద్దరూ కలిసి నన్ను ఆడిస్తున్నారు. సరే, అదిగో, పార్సిళ్ళు తూచే కాటా. ఎక్కండి. ముల్లు చెబుతుంది ఎవరి ఎముకలు ఎంతో."

"ఎక్కుతా. దానికేం. బూట్లు విప్పాలా, ఉండనివ్వాలా?"

"ఉండనివ్వండి. ఆ ఇంజనుముక్క కూడా చేత్తో పట్టుకుని ఎక్కినా నూట తొంభై దాటదు."

"అయితే పట్టుకునే ఎక్కుతా."

"అర్లీ, ఎక్కకు."

"పర్లేదు నార్బ్. నువ్వు కూర్చో."

"ఎక్కద్దన్నానా! దిగు. నా పరువు నిలబెట్టడానికి నీ బరువు పెంచా. ఇక చాలు. లైల్, నువ్వన్నది నిజమే. కుడికన్ను లేదు. మధ్యలో మసక. పక్కన ఏదో కదిలినట్టుంటుంది, ఏంటో తెలీదు."

"నార్బ్, నువ్వు చెప్పక్కర్లేదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చా, నిలబెట్టుకుంటా."

"నువ్వు నిలబెట్టుకున్నావు. కాటా ఎక్కి మరీ. నేనే చెబుతా. పోయిన అక్టోబరు, లైల్. పెద్దవీధిలో, బ్యాంకు మలుపు. కుడివేపు తిరిగా. ఒకమ్మాయి పసిబిడ్డని బండిలో తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. నాకు కనబళ్ళేదు. ఆలస్యంగా కనబడ్డం కాదు, అసలు కనబళ్ళేదు. ఆ అమ్మాయి నా బండి మీద అరచేత్తో కొట్టింది. ఆ చప్పుడుకి ఆపా."

"తగిలిందా?"

"లేదు. బిడ్డ కాళ్ళకీ నా చక్రానికీ మధ్య ఇదిగో, బెత్తెడు. బిడ్డ నిద్రపోతోంది. లేవను కూడా లేదు."

"ఆ అమ్మాయి ఏమంది?"

"తిడితే బాగుండేది. నా మొహం చూసి, 'తాతా, మీకు ఒంట్లో బాగానే ఉందా?' అంది. బండి పక్కకి తీసి, అక్కడే వదిలేసి, నడిచి ఇంటికెళ్ళా. నాలుగు మైళ్ళు."

"తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూడోరోజు నేనే కంటాసుపత్రికి తీసుకెళ్ళా. పోయిన చూపు రాదన్నారు."

"ఇన్ని నెలలూ ఒక్కళ్ళకైనా చెప్పలేదే, పెద్దాయనా? నాకైనా చెప్పకూడదూ?"

"ముప్ఫయ్యేళ్ళు ఈ ఊరి బళ్ళ గుంపుకి ముందు బండి నాది. వెనక పద్నాలుగు బళ్ళు నా వీపు చూసుకుంటూ వచ్చేవి. ఏమని చెప్పమంటావ్?"

"నన్ను క్షమించు. ఇందాక గట్టిగా మాట్లాడా."

"మాట్లాడాలి. మాట్లాడకపోతే మీ నాన్న కొడుకువి కాదు."

"అంటే అక్టోబరు నుంచీ నువ్వు బండి తోలనేలేదు."

"గజం దూరం కూడా తోలలేదు."

"మరి షాకబ్జర్లెందుకు? మంచివి వేసి అమ్మేద్దామనా? నేను అమ్మిపెడతాలే, ఎవరో ఒకరు దొరుకుతారు."

"అమ్మను."

"పోనీ మీరు చెప్పండి అమ్మా. ఈయన తోలడు. అమ్మడు. సరస్సు చుట్టూ వెళ్తానంటాడు. నాకేం అర్థం కావట్లేదు. ఆగండాగండి. ఇందాక నేను వెనక గదిలో టైరు మారుస్తుంటే బండి చప్పుడైంది. బయటికొచ్చేసరికి గుమ్మం ముందుంది. ఇక్కడిదాకా ఎలా వచ్చిందది?"

"నేను తోలుకొచ్చా, లైల్."

"మీరా?"

"మంచు కరగ్గానే నేర్చుకోవడం మొదలెట్టా. పోయినవారం లైసెన్సొచ్చింది. ముందు సీటు నూటయాభై కాదు, నూటనలభై ఆరు. నార్బ్ నాలుగు ఎక్కువ వేశాడు."

"బాగానే తోలుతుంది, అబ్బాయ్. నాకన్నా బాగా తోలుతుంది. వెనక కూర్చున్నవాడి నడుం గురించే నేను పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నది."