చెయ్యి ఆనించకుండా లెయ్యాల

ఏమప్పా పవనూ, జిమ్ము నుంచేనా రావడం? ఏదీ, చొక్కా చెయ్యి పైకను. అబ్బో, జబ్బలు గుండ్రాళ్ల మాదిరుండాయి! కాళ్లేందిరా కొంగ కాళ్లు? వాటికి జిమ్ము ఫీజు దుడ్లు కట్టలేదా ఏమి? నవ్వకు. కుర్చీలో కాదు, ఈడ నేలమీద కూకో. ఇప్పుడు చెయ్యి ఆనించకుండా లెయ్యి. అదో, మోకాలు పట్టుకుంటివే! మా యక్క ఉలిగమ్మ బతికుంటే వీపుమీద ఒకటిచ్చుండును.

మీ యమ్మ హేమావతి పోలీసైందంటే ఆ యక్క చలవేరా. మాది గొర్రెలు మేపే ఇల్లు. నేనొగన్నే ధర్మవరమొచ్చి, కాళ్లు కిందికేసి చీర నేసే మగ్గం గుంతలో దిగితి, నా కూతురని మీ యమ్మనూ పదేండ్లకే దించితి. అది తప్పే, ఇప్పుడంటే తెలుస్తాది. తొంభై ఏడులో ఆ పిల్ల కానిస్టేబులు సెలక్షనుకు పెట్టుకునె. నూరు మీటర్ల పరుగు, లాంగ్ జంపు, ఇనప గుండు విసిరేది. నాది మగ్గం బుద్ధి కదా, ఎంతసేపు కూకుంటే అంత చీర. రోజూ రైలుకట్టెమ్మడి ఆరు మైళ్లు ఉరికించితి. ఏమాయె? దమ్ముండాది, ఊపు లేదు. మూడు జంపులూ గీత దాటలే. ఇంటికొచ్చి గుంతలో దిగి, "నాయనా, ఇంగ నా బతుకు ఈడే" అనె.

అప్పుడొచ్చె అక్క, చిలమత్తూరు నుంచి. "ఏమే హేమా, కింద కూకోని లెయ్యి" అనె. ఈ పిల్ల గోడ పట్టుకోని లేసె. ఇంగ చూడు నామీద పడె: "పదేండ్లు కాళ్లు గుంతలో పాతిపెట్టి, ఇప్పుడు ఎగరమంటే ఎట్టెగురుతాదిరా? నాతో పంపు!"

ఆర్నెల్లు తనకాడే పెట్టుకునె. గొర్రెపిల్లను మెడమీదేసుకోని గుట్టెక్కేది, మొదట చిన్నది, నెల పోయినాక పెద్దది. దారి తప్పిన మేకను ఒగే ఉరుకున పోయి పట్టాల, ఊపిరి తీసుకోని మళ్లా ఇంగొకటి. నీళ్లెండిన వంక ఇసుకలో ఎగిరేది. మేకల పాలు పిండేకి పీట లేదు, మడమలు నేలకానించి గొంతుకు కూకోవాల. తిండా, సంగటి, చెనిగ్గింజలు, నీ చేతిలో ఉండే డబ్బా పొడి కాదు. మద్దినం మాత్రం పండుకోవాల్సిందే. "అత్తా, ఇంగో నాలుగు సార్లు ఎక్కుతా" అంటే, "గొర్రె కూడా నెమరేసేకి పండుకుంటాదే, మేసింది ఒంటికి పట్టేది అప్పుడే" అని కసిరేది. మరుసటేడు అనంతపురంలో మీ యమ్మ ఎగిరితే, ఆ పోలీసాయన నమ్మక టేపు రెండుసార్లు పట్టె! హిందూపురంలో ఉద్యోగమొచ్చె.

రెండువేల ఎనిమిదిలో అక్కకు బాగలేదంటే పోతిమి. మీ యమ్మ డ్యూటీ నుంచి అట్లే, కాకీ బట్టలతో. అక్క కంబళిమీద కూకోనుండె. లేవబోయె, కాలే. మళ్లా లేవబోయె, కాలే. డెబ్భై ఏండ్లు నేలకు చెయ్యి ఆనించని మనిషిరా. సిగ్గుపడి, "చెయ్యియ్యి తల్లీ" అనె. మీ యమ్మ చెయ్యియ్యలే. గొంతుకు కూకోని, అక్కను గొర్రెపిల్లను ఎత్తినట్ల వీపుమీదికి ఎత్తుకోని, చెయ్యి నేలకు ఆనించకుండా లేసె. అక్క ఊరుకుంటాదా, వీపుమీద నుంచే, "మడమలు ఎత్తొద్దే!" అని కసిరె.

...

సరే, ఆ డబ్బా ఆడ పెట్టి, ఇంగోసారి కూకోని లెయ్యి. మోకాలు పట్టుకుంటే చూడు.