వంకలు పెట్టే పని

కొనబోయే పాత ఇంటి వంటగదిలో భార్యాభర్తలు గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. అమ్మే పెద్దాయన వరండాలో చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

"దారిలో ఏమనుకున్నాం? నేను వంకలు పెడతాను, మీరు తలాడిస్తారు. అప్పుడే ధర దిగుతుంది."

"ఆడించానుగా!"

"ఎక్కడ? శ్లాబు కారుతోందంటే, 'పూత పూస్తే పోతుంది' అన్నారు. వైర్లు పాతవంటే, 'మా తమ్ముడు మార్చేస్తాడు' అన్నారు. కుళాయి తుప్పు పట్టిందంటే, మీరే తిప్పి నీళ్లు చూపించారు!"

"ఉన్నమాటేగా అన్నాను. అయినా ఇన్ని వంకలున్న ఇల్లు మనకెందుకు? వద్దని చెప్పేసొస్తాను ఉండు."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఏడాదిగా తిరుగుతుంటే నాకు నచ్చిన ఇల్లు ఇదొక్కటే!"

గుసగుస సంగతి మరిచి ఆమె అరిచేసింది.

"సంతోషం అమ్మాయ్!" వరండాలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ధర మాత్రం నేను చెప్పిందే."

భర్త ఈసారి బుద్ధిగా తలాడించాడు.